దాచుకున్న సిక్కా - దాచవలసిన పద్ధతి

మన ఇళ్ళలో ఏ పాత సందూకు తెరిచి చూసినా, అడుగున ఎక్కడో ఒక గుడ్డ మూట తగులుతుంది. విప్పితే నాలుగైదు వెండి రూపాయలు, కొన్ని రాగి పైసలు. దాదీ పెళ్ళినాటి సలామీ రూపాయి ఒకటి. ప్రయాణమయ్యే వేళ చేతికి ఇమామ్ జామిన్‌గా కట్టిన రూపాయి ఇంకొకటి. పండగనాడు తాతగారు ఇచ్చిన ఈదీ, ఖర్చు పెట్టబుద్ధి కాక దాచుకున్న పావలా మరొకటి. వీటికి బజారులో పలికే ధర ఏమంత పెద్దది కాకపోవచ్చు. కాని ఆ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా బతికిందో చెప్పే సాక్ష్యాలు మన సామాన్య కుటుంబాలలో చాలాచోట్ల ఇవి మాత్రమే. జాగీర్లు ఉన్నవారికి దస్తావేజులు ఉంటాయి. లేనివారికి ఈ గుడ్డ మూటే దస్తావేజు.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. అది మా తప్పు కనుక ముందే చెప్పేస్తాం. కొన్నేళ్ళ కిందట మేము కొందరం కలిసి తెలిసినవారి ఇళ్ళలోని పాత నాణేలు సేకరించి, పిల్లలకు చూపించాలని ఒక ఆల్బం తయారుచేశాం. బజారులో దొరికిన మెత్తటి, మెరిసే ప్లాస్టిక్ అరల ఆల్బం కొన్నాం. నాణేలు నల్లగా ఉన్నాయని చింతపండుతో తోమి, తళతళలాడించి మరీ పెట్టాం. చూసినవారంతా మెచ్చుకున్నారు. ఆల్బం బీరువాలోకి వెళ్ళింది. ఆరేళ్ళ తరువాత తెరిస్తే ప్లాస్టిక్ జిగటగా అంటుకుపోయి ఉంది. రాగి నాణేల మీద ఆకుపచ్చ జిగురు. వెండి రూపాయల మీద కూడా పచ్చటి మరకలు. ఒక ముసలమ్మ తన తల్లి గుర్తుగా దాచుకుని, మమ్మల్ని నమ్మి ఇచ్చిన రూపాయి మీద చార్మినార్ బొమ్మ సగం మాసిపోయింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. “గుడ్డలో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది గదా బాబూ” అని మాత్రం అంది. ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ మేము తెలుసుకున్న సంగతులే ఇవి.

సిక్కా కథ

నాణెం అంటే చేతిలో పట్టే చరిత్ర. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో, బొమ్మలు తీసేసి అక్షరాలు మాత్రమే ఉన్న బంగారు దీనార్ ముద్రించాడు. ఆనాటి నుంచి ముస్లిం పాలకుల నాణేల మీద ప్రధానంగా కనిపించేది రాతే. పాలకుడి పేరు, ఊరి పేరు, సంవత్సరం నాణెమే చెబుతుంది. మన దేశంలో షేర్‌షా సూరి 1540-45 మధ్య స్థిరపరచిన 178 గ్రెయిన్ల వెండి రూపయ్యాయే తరువాతి రూపాయలన్నిటికీ మూలం.

హైదరాబాదు సంగతికి వస్తే, ఆసఫ్‌జాహీలు చాలాకాలం ఢిల్లీ మొగల్ బాదుషాల పేరుతోనే నాణేలు కొట్టించారు. మూడవ నిజాం సికందర్ జా కాలంలో, 1803లో, నగరంలో ప్రభుత్వ టంకశాల ఏర్పడింది. 1857 తిరుగుబాటు తరువాత ఢిల్లీలో బాదుషాయే లేకుండా పోయాడు. అప్పుడు అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా ఆసఫ్ జా బిరుదుతో కొత్త నాణెం తెచ్చారు. దానికి ‘హాలీ సిక్కా’ అని పేరు. హాలీ అంటే ఇప్పటిది, చెలామణిలో ఉన్నది అని అర్థం.

మనం ‘చార్మినార్ రూపాయి’ అని పిలుచుకునేది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321లో, అంటే 1903-04లో వచ్చింది. సైఫాబాదులో యంత్రాలతో కొత్త టంకశాల పెట్టింది కూడా 1903లోనే. చార్మినార్ నడిమి కమానులో చిన్న అక్షరం ఒకటి ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి. ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ నాణెం. ‘ఐన్’ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. పైన 92 అంకె కనిపిస్తుంది. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4, మొత్తం 92. అది ప్రవక్తగారి పేరుకు గుర్తు. వెనక వైపు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అని టంకశాల పేరు, గద్దెనెక్కిన తరువాత ఎన్నవ సంవత్సరమో ఆ లెక్క ఉంటాయి. ఇంత చిన్న బిళ్ళ మీద ఇంత కథ! ఆ కథ చదవాలంటే అక్షరం మిగలాలి. మా ఆల్బంలో పోయినది ఆ అక్షరమే.

ఉస్మానియా రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. వెయ్యి పాళ్ళలో 818 పాళ్ళు వెండి, మిగిలింది దాదాపు రాగి. రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండిని సగానికి తగ్గించారు. అష్రఫీలో నూటికి 91 పాళ్ళు బంగారం. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. ఇంగ్లీషువారి రూపాయిని మనవాళ్ళు కల్దార్ అనేవారు. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ మారకం. ఆనాటి నిఖానామాలలో మెహర్ సొమ్ము పక్కన ‘సిక్కా రాయిజుల్ వఖ్త్’ అని రాసేవారు. అంటే ఆ సమయాన చెల్లుబాటులో ఉన్న నాణెం అని. 1948 తరువాత ఆ చెల్లుబాటు మారింది. 1950లో సైఫాబాదు టంకశాల భారత ప్రభుత్వం చేతికి వెళ్ళింది. ఆ దశకంలోనే హాలీ సిక్కా చెలామణి నుంచి తప్పుకుంది. చాలా రూపాయలు వెండి కొట్లలో తూకానికి వెళ్ళి కరిగిపోయాయి. కరగక మిగిలినవే మన మూటల్లో ఉన్నవి. 1997లో టంకశాల చర్లపల్లికి మారింది. పాత సైఫాబాదు భవనంలో 2022లో టంకశాల మ్యూజియం తెరిచారు. పిల్లలను తప్పక తీసుకెళ్ళి చూపించవలసిన చోటు అది.

దాచడానికీ ఒక చరిత్ర ఉంది

బ్యాంకులు లేని రోజుల్లో సొమ్ము దాచే చోటు భూమి. మట్టి ముంతలోనో రాగి చెంబులోనో పోసి, మూత బిగించి పాతిపెట్టేవారు. అలా పాతిన వారు తిరిగి రాని ముంతలే ఈనాటి మ్యూజియాలలో సగం నిధులు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఈ సంగతి మన పొలాలలో పనిచేసే వారందరికీ తెలియాలి.

హైదరాబాదు ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి, గులాం యజ్దానీగారిని అధిపతిగా నియమించింది. ఆయన కాలంలోనే, 1940 దశకం మొదట్లో, ఈనాటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో తవ్వితే శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు చేశారు. సీసం మెత్తని లోహం, కొన్ని విషయాల్లో మహా సున్నితం. రెండు వేల ఏళ్ళు మట్టిలో ఆగిన సీసపు నాణెం, తగని చెక్క పెట్టెలో పెడితే కొద్ది ఏళ్ళలోనే తెల్లటి పొడిగా రాలిపోగలదు. దోషం చెక్కలో ఉంది. చెక్క కొద్దికొద్దిగా ఎసెటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి వదులుతూ ఉంటుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరికి బయటికి దారి లేదు. ఓక్ చెక్క ఈ విషయంలో మరీ చెడ్డది. ఇంగ్లండులో నాణేల పెట్టెలకు మహాగని చెక్క వాడే అలవాటు ఉంది. దాని ఆవిరి తక్కువ. మన టేకు కూడా ఈ దోషం నుంచి పూర్తిగా బయటపడలేదు. జిగురు పట్టించిన ప్లైవుడ్ అయితే ఇంకా అనుమానించవలసినదే.

ఇక ప్లాస్టిక్ కాలం. పి.వి.సి. అనే ప్లాస్టిక్ సహజంగా గట్టిది, పెళుసుది. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అందులో నూనెలాంటి పదార్థాలు కలిపి మెత్తగా వంగేలా చేశాడు. చవక, అందం, గాజులా పారదర్శకం. వానకోట్లు, పుస్తకాల అట్టలు, ఆల్బం అరలు అన్నీ దానితోనే వచ్చాయి. నాణేలు సేకరించేవారు ప్రపంచమంతటా సంతోషంగా కొన్నారు. కాని ఆ నూనె ఏళ్ళ తరబడి మెల్లగా బయటికి వస్తుంది. వేడికి, వెలుతురుకు ప్లాస్టిక్ విడిపోతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం రాగిని పట్టుకుంటే ఆకుపచ్చ జిగురు. ఉస్మానియా రూపాయిలో నూటికి సుమారు 18 పాళ్ళు రాగి అని పైన చెప్పాం కదా! వెండి రూపాయి మీద పచ్చ మరక అక్కడి నుంచే వస్తుంది. మన ఎండాకాలపు 42, 43 డిగ్రీల వేడిలో, ఇనుప బీరువాలో, ఈ పని ఇంకా తొందరగా సాగుతుంది.

అదృష్టం ఏమంటే, మంచి ప్లాస్టిక్కులు కూడా దాదాపు ఆ కాలంలోనే పుట్టాయి. పాలిథీన్‌ను 1933లో ఇంగ్లండులో కనుక్కున్నారు. పాలియెస్టర్‌కు 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు అక్కడే పేటెంటు పొందారు. దానితో చేసిన పల్చటి రేకునే మైలార్ అంటారు. పాలీప్రొపిలీన్ 1950లలో వచ్చింది. వీటిని మెత్తబరచడానికి నూనె కలపనక్కరలేదు, వీటిలో క్లోరిన్ లేదు. నాణేనికి ఇవి హాని చేయవు.

అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇంకొకటి. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ అనే శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష వాడుకలోకి తెచ్చాడు. వస్తువులు పెట్టే పెట్టెకు, గుడ్డకు, రంగుకు ఏ పదార్థం వాడదలచారో దాని ముక్కను గాజు సీసాలో వేస్తారు. వెండి, సీసం, రాగి రేకులు ఒక్కొక్కటి వేలాడదీస్తారు. కొద్దిగా నీరు ఉంచి, మూత బిగించి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. తీసి చూసినప్పుడు రేకులు మెరుస్తూ ఉంటే పదార్థం మంచిది. వెండి నల్లబడితే గంధకం ఉన్నట్టు. సీసం తెల్లబడితే చెక్కలో ఉండేలాంటి ఆమ్లం ఉన్నట్టు. రాగి పచ్చబడితే క్లోరిన్ ఉన్నట్టు. వెండి, సీసం, రాగి - మన నాణేల లోహాలే ఆ మూడూ!

ఏది మంచిది, ఏది చెడ్డది

ఆ ముసలమ్మ మాటకు జవాబు ఇక్కడ దొరికింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు గుడ్డలో గంజి లేదు, రంగు లేదు, ఆమ్లం లేదు. పొడి సందూకులో అది అరవై ఏళ్ళు కాపాడింది. మేము తెచ్చిన కొత్త వస్తువు ఆరేళ్ళలో పాడుచేసింది. పాతదంతా మంచిదనీ, కొత్తదంతా చెడ్డదనీ దీని అర్థం కాదు. ఉన్ని గుడ్డ, మఖమల్, ఫెల్ట్ పాతవే అయినా వీటిలో గంధకం ఉండవచ్చు, వెండిని నల్లబరుస్తాయి. రబ్బరు బ్యాండు మరీ చెడ్డది. రబ్బరును గట్టిపరచడానికి గంధకమే కలుపుతారు. బ్యాండు వేసిన చోట వెండి మీద నల్లటి గీత పడుతుంది. వార్తాపత్రికలో చుట్టడం కూడా తగదు, ఆ కాగితం పసుపెక్కుతూ ఆమ్లం వదులుతుంది.

కొనేటప్పుడు ప్లాస్టిక్ ఏదో తెలియకపోతే ఏం చెయ్యాలి? మొదట వాసన చూడండి. కొత్త వానకోటు వాసన ఘాటుగా వస్తే వదిలేయండి. తరువాత చిన్న ముక్క కత్తిరించి నీళ్ళలో ముంచి, గాలి బుడగలు లేకుండా చూడండి. తేలితే పాలిథీనో, పాలీప్రొపిలీనో అయి ఉంటుంది. పి.వి.సి. మునుగుతుంది. అయితే మంచిదైన పాలియెస్టర్ కూడా మునుగుతుంది కాబట్టి మునిగినంత మాత్రాన చెడ్డదని తేల్చకండి. అప్పుడు రాగి తీగ పరీక్ష. తీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కు తాకించి, మళ్ళీ మంటలో పెడితే, క్లోరిన్ ఉన్నట్లయితే మంట ఆకుపచ్చగా మారుతుంది. దీనిని బైల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు 1872లో చెప్పాడు. పొగ మంచిది కాదు కనుక ఈ పని ఆరుబయట పెద్దలే చెయ్యాలి. పిల్లల చేతికి ఇవ్వకండి.

రెండు అట్టముక్కల మధ్య మైలార్ కిటికీ ఉన్న చదరపు అట్టలు చవకగా దొరుకుతాయి. అవి మంచివే. స్టేప్లర్ పిన్నుల విషయంలో మాత్రం జాగ్రత్త. అవి తుప్పు పడతాయి, పక్క నాణేన్ని గీకుతాయి. పిన్ను మొనలను పట్టకారుతో పూర్తిగా అణచండి. నాణెం తీసేటప్పుడు ముందు పిన్నులన్నీ తీసి, తరువాతే అట్ట విప్పండి. విలువైన నాణేలకు గట్టి ఆక్రిలిక్ గుండ్రటి డబ్బీలు మరీ మంచివి. డబ్బీ కొలత నాణేనికి సరిపోవాలి. లోపల కదిలితే అరిగిపోతుంది.

బయటి పెట్టెకు కాల్చిన రంగు వేసిన ఇనుప డబ్బా గాని, ఇనుప బీరువా గాని చెక్క కన్నా నయం. కాని ఆ బీరువాలోనే మనం కలరా ఉండలు వేస్తాం, అత్తరు సీసాలు పెడతాం, తోలు సంచులు పెడతాం. నాణేలకు వీటి పొత్తు వద్దు. కలరా ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది కూడా. తేమ ఇంకొక పెద్ద శత్రువు. సముద్రతీరపు ఊళ్ళవారు మరీ జాగ్రత్తపడాలి, గాలిలోనే ఉప్పు ఉంటుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి డబ్బాలో వేసి, వానాకాలం ముందూ వెనకా మార్చండి. రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతూ ఉంటే అది మామూలు చిలుము కాదు, లోపలి క్లోరైడు వల్ల వచ్చే రోగం. దానిని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, బాగా పొడిగా ఉంచి, తెలిసినవారికి చూపించాలి.

తోమవద్దు

ఇది మేము చేసిన రెండవ తప్పు. చింతపండు, నిమ్మకాయ, బూడిద, పళ్ళపొడి - గిన్నెలకు సరే, నాణేలకు వద్దు. నల్లబడిన పై పొర వెండికి ఒక దుప్పటి వంటిది. దానిని తోమితే దానితోబాటు అక్షరపు అంచు కూడా పోతుంది. తోమిన నాణేనికి విలువ తగ్గుతుందని సేకరించేవారందరికీ తెలుసు.

పి.వి.సి. జిగురు పట్టిన నాణేనికి మాత్రం ఒక చికిత్స ఉంది. అది శుద్ధమైన ఎసిటోన్. గోళ్ళరంగు తీసే ద్రావకం కాదు, అందులో వాసనలు, నూనెలు కలుపుతారు. గాజు గిన్నెలో పోసి, నాణెం ముంచి, కొద్దిసేపు ఉంచి, రెండవసారి కొత్త ఎసిటోన్‌లో కడిగి, రుద్దకుండా గాలికి ఆరబెట్టాలి. ప్లాస్టిక్ గిన్నె కరిగిపోవచ్చు. ఇట్టే అంటుకునే ద్రావకం కనుక దగ్గరలో పొయ్యి, బీడీ, దీపం ఏదీ ఉండకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి. ఇది జిగురును తీస్తుంది. ఆమ్లం తినేసిన లోహాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేదు. మా ఆల్బంలోని నాణేలను ఇలాగే కడిగాం. చాలావరకు బయటపడ్డాయి. ఆ ముసలమ్మ రూపాయి మీది చార్మినార్ మాత్రం రాలేదు.

కాగితపు నోట్లు

హైదరాబాదు ప్రభుత్వం 1918 చట్టంతో సొంత కాగితపు నోట్లు కూడా తెచ్చింది. వాటిలో కొన్ని లండనులో అచ్చయి ఓడలో వచ్చేవి. 1922 మే 20న ‘ఈజిప్ట్’ అనే ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర పొగమంచులో మరొక ఓడతో గుద్దుకుని మునిగిపోయింది. అందులో బంగారం, వెండితోబాటు మన హైదరాబాదు నోట్లు కూడా ఉన్నాయి. పదేళ్ళ తరువాత, 1932లో, బంగారం పైకి తీస్తుంటే ఆ నోట్లు కూడా దొరికాయి! చల్లని చీకటి నీళ్ళలో పదేళ్ళు నిలిచిన కాగితం, మన ఇంట్లో లామినేషన్ చేయిస్తే మాత్రం శాశ్వతంగా పాడవుతుంది. వేడి, జిగురు రెండూ దానికి విషమే, మళ్ళీ విడదీయలేం. నోటును మడవకుండా పాలియెస్టర్ కవరులో పెట్టి, వెలుతురు తగలకుండా ఉంచండి. టేపు అంటించవద్దు.

చివరి మనవి

సభ్యులకు, ముఖ్యంగా ఇంటి పెద్దలకు మా మనవి ఒకటే. ఈ వారంలోనే ఆ సందూకు తెరవండి. మెత్తటి ప్లాస్టిక్‌లో ఉన్నవాటిని బయటికి తీయండి. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. మంచి కవరు వెంటనే దొరకకపోతే ఉతికిన తెల్లటి నూలు గుడ్డ చాలు. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. గల్ఫులో, అమెరికాలో ఉన్న మన పిల్లలకు కానుకగా ఇవ్వబోయేవారు ఈ సంగతి గమనించాలి.

ఇంకొక పని అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి నాణెం పక్కన ఒక చిన్న తెల్ల కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టండి: ఇది ఎవరిది, ఎవరు ఇచ్చారు, ఏ సందర్భంలో ఇచ్చారు. లోహం నూరేళ్ళు ఆగుతుంది. దాని కథ మాత్రం చెప్పేవారితోనే పోతుంది. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె రూపాయిని ఆమె మనుమరాలికి తిరిగి ఇచ్చేటప్పుడు దానితోబాటు ఒక చీటీ కూడా ఇచ్చాం. అందులో ఆమె తల్లి పేరు, పెళ్ళయిన ఊరు, ఆ రూపాయి చేతికి వచ్చిన సందర్భం రాశాం. చార్మినార్ బొమ్మను మేము పోగొట్టాం. ఆ మూడు సంగతులైనా పోకుండా నిలిచాయి.